పలక ప

పాత ఫ్యాక్స్ గదిలో మళ్ళీ అడుగుపెట్టిన రోజు తలకట్టక్క ముందుగా వాసన కోసం వెతికింది. మెషీను వేడెక్కినప్పుడు చుట్టకాగితంలోంచి ఒక వాసన వచ్చేది, తడిచొక్కా మీద ఇస్త్రీపెట్టె ఆనించినట్టు. అది పోయింది. ఇప్పుడా గదిలో రెండు కంప్యూటర్లు, ఒక స్కానరు, గోడవారగా కప్పు దాకా అట్టపెట్టెలు. మెషీను కూర్చున్న చోట మాత్రం బల్ల మీద నాలుగు రబ్బరుకాళ్ళ గుర్తులు మిగిలాయి. ఆమె ఒకదాని మీద వేలు పెట్టి కాసేపు తియ్యలేదు.

ఆ పత్రికాఫీసులో ఆమె ఇరవై ఎనిమిదేళ్ళు పనిచేసింది. చుట్టుపక్కల ఊళ్ళ విలేకరులు చేత్తో రాసిన వార్తలు ఫ్యాక్సులో పంపేవారు. వచ్చిన కాగితం చింపి, చదివి, కంపోజ్ చేసి డెస్కుకు అందించడం ఆమె పని. ఫోను తీగ బాగోలేని రోజు అక్షరాల మీద నల్లగీతలు పడేవి. గుండ్రాలు పూడిపోయేవి. "తలకట్టు చూసి చదవండర్రా, తలకట్టు చూసి!" అని కొత్తగా చేరినవాళ్ళ ప్రాణం తీసేది. పకారానికీ వకారానికీ ఉన్న తేడా అంతా అక్కడే మరి. వకారం తల ఒంటికి అతుక్కుని ఉంటుంది. పకారం తలకీ ఒంటికీ మధ్య వెంట్రుకవాసి సందు. ఆ సందు కోసం కాగితాన్ని కిటికీ వెలుగులో పెట్టి, ఒక కన్ను మూసి చూసేది. అలా ఆమె అసలు పేరు హాజరుపట్టీలో ఉండిపోయింది. నోళ్ళలో తలకట్టక్క అయింది.

పని విరమించి ఇంట్లో కూర్చున్న మూడేళ్ళకు కబురొచ్చింది. పాత ఫ్యాక్సులన్నీ కంప్యూటరుకు ఎక్కించాలట. పాత చేతిరాతలు చదవగలిగినవాళ్ళు కావాలట.

"స్కాన్ చేస్తే కాగితం ఫొటో వస్తుందంతే ఆంటీ," అని మొదటిరోజు విడమరిచింది స్కానింగు అమ్మాయి. "ఫొటోలో అక్షరాలు కనిపిస్తాయి గానీ దిద్దలేం, వెతకలేం. ఈ సాఫ్ట్‌వేరు ఫొటో చదివి అక్షరాలుగా రాసిపెడుతుంది. అది తప్పు చదివిన చోట మీరు దిద్దాలి."

"ఆంటీ ఏంటే? ఈ గదిలో గోడకి కూడా నేను అక్కనే."

"సరే అక్కా."

"అది సరే. దీనికి చత్వారం ఉందా?"

ఉంది. చత్వారమే కాదు, చాదస్తం కూడా ఉంది. అది మంత్రిగారిని వుంత్రిగారు అనేది. సభను నభ చేసేది. నీళ్ళు రాని వీధికి సీళ్ళు రాలేదనేది. ఒకరోజు మధ్యాహ్నం అమ్మాయి తెరవైపు చూసి పకపకా నవ్వింది.

"అక్కా, ఎవడో దొంగ పోలీసుల కళ్ళుగప్పి పెళ్ళిపోయాడట!"

"పారిపోయినవాడు ఒక్కడే బాగుపడ్డాడనుకున్నాను. వాడికీ తప్పలేదన్నమాట," అంటూ తలకట్టక్క 'పె' తీసి 'వె' పెట్టింది. దొంగ మళ్ళీ వెళ్ళిపోయాడు.

బయటికి నవ్వుతూనే ఉండేది. లోపల మాత్రం రోజులు లెక్కపెట్టుకుంటోంది. అంత దూరం బస్సెక్కి, మోకాళ్ళు నొక్కుకుంటూ రెండంతస్తుల మెట్లెక్కి ఆమె ఈ పనికి ఒప్పుకున్నది ఒక్క కాగితం కోసం. ఇరవై నాలుగేళ్ళ కిందటి ఫ్యాక్సు ఒకటి ఆ పెట్టెల్లో ఎక్కడో ఉంది. అందులో ఉన్నది పకారమా, వకారమా? తేలాల్సింది అదొక్కటే.

ఆ రోజుల్లో ఏటి అవతలి ఊరి నుంచి వార్తలు పంపే కుర్రవిలేకరి ఒకడుండేవాడు. ఆ ఊళ్ళో పెద్ద వంతెన ఉండడం వల్ల ఆఫీసులో అందరికీ అతను 'వంతెన'. "వంతెన వచ్చిందా?" అంటే అతని ఫ్యాక్సు వచ్చిందా అని అర్థం. అతని అక్షరాలు బడిపిల్లలు వరసలో నిలబడ్డట్టు ఉండేవి, అందరికీ తల దువ్వి ఉన్నట్టు. వార్త అయిపోయాక, సంతకం కింద, ఎవరూ అడగని ఒక ముక్క ఉండేది. 'ఇక్కడ వాన.' ఇంకోరోజు, 'ఇక్కడ గాలి. గొడుగు తిరగబడింది.'

ఫ్యాక్సు చేరిందని ఫోను చేసి చెప్పడం ఆఫీసు పద్ధతి. అందరికీ "అందింది" అని పెట్టేసేది. అతనికి మాత్రం "అందింది. ఇక్కడ ఎండ," అనేది. ఆరేళ్ళు. ఒకరి మొహం ఒకరు ఎరగరు. అయినా రెండూళ్ళ మధ్య మబ్బులు ఎటు పోతున్నాయో ఆ ఇద్దరికీ తెలిసేది.

ఒకనాటి సాయంత్రం అతని దగ్గర నుంచి చిన్న వార్త వచ్చింది. ఏళ్ళ తరబడి ఆగిపోయిన వంతెన గడియారాన్ని ఇద్దరు అన్నదమ్ములు బాగుచేశారు. 'ముప్పయ్యేళ్ళుగా ఒకే కొట్టు, ఒకే బల్ల. ఈ పనితో ఇద్దరూ...' ఆ తర్వాతి మాట మీద నల్లగీత. తలకట్టక్క కిటికీ దగ్గరికి వెళ్ళి, ఒక కన్ను మూసి చూసింది. 'వేరుపడ్డారు' అని కంపోజ్ చేసింది. పేజీ కట్టే వేళ అయిపోతోంది. ఫోను చేసి అడగలేదు. డెస్కులో మాటలతో ఆడుకునే పెద్దమనిషి ఒకాయన ఉండేవాడు. ఆయన సంబరపడి శీర్షిక పెట్టాడు: 'ముల్లు కదిలింది, బంధం తెగింది'.

మర్నాడు అన్నదమ్ములిద్దరూ ఆఫీసుకు వచ్చారు, వేరువేరు బస్సుల్లో. 'మనం విడిపోతున్నామని విలేకరికి చెప్పింది నువ్వే' అని ఒకరినొకరు అనుకున్నారు. అతను రాసింది 'పేరుపడ్డారు' అట. ఊళ్ళో మంచిపేరు వచ్చిందని.

"తప్పెవరిదమ్మా?" అన్నారు ఎడిటరుగారు.

"ఫ్యాక్సులో అలాగే ఉందండీ," అంది ఆమె, కాగితం చూపిస్తూ.

ఆయనా కిటికీ దగ్గరికి వెళ్ళి చూశారు. "వ లాగే ఉంది," అన్నారు.

సాయంత్రం వంతెన ఫోను చేశాడు. "అక్కా, నేను ప రాశాను. ఒక్కసారి చూడండక్కా."

"నాకు వ కనిపిస్తోంది తమ్ముడూ."

తీగలో చాలాసేపు గరగర. తర్వాత, "అయితే నా చెయ్యే అలా పోయిందేమో లెండి," అన్నాడు.

వారం తిరిగేసరికి విలేకరుల జాబితాలో అతని నంబరు లేదు. రెండు నెలలకు ఆ గడియారాల కొట్టు మధ్య గోడ లేచిందని కొత్త విలేకరి వార్త రాయలేదు గానీ, ఫోనులో చెప్పాడు. అప్పటి నుంచి ఆమెకు అవతలి ఊళ్ళో వాన పడుతోందో లేదో తెలియదు.

ఆ ఏటి పెట్టె ఎక్కడుందో మొదటిరోజే చూసుకుంది. కిటికీ పక్క వరసలో, కింది నుంచి రెండోది. చెయ్యి చాస్తే అందుతుంది. చాచలేదు. వరసలో ఎప్పుడొస్తే అప్పుడే రానీ అనుకుంది. నిజానికి భయం.

నాలుగో నెలలో వంతు వచ్చింది. చుట్టకాగితం తెల్లబడిపోయి ఉంది. పండుటాకు ఈనెల్లా అక్కడక్కడా బూడిదరంగు గీతలు. అమ్మాయి స్కాన్ చేసి, తెర మీద నలుపు పెంచుతూ పోయింది. మంచులోంచి మనుషులు నడిచొచ్చినట్టు అక్షరాలు ఒక్కొక్కటే బయటపడ్డాయి. అన్నదమ్ములు వచ్చారు. కొట్టు వచ్చింది. బల్ల వచ్చింది.

"ఇదేం మాటక్కా? దీనికి పిచ్చి ముదిరింది," అంది అమ్మాయి.

సాఫ్ట్‌వేరు ఇలా చదివిపెట్టింది: 'ఇద్దరూ వేరువడ్డారు.'

తలకట్టక్క కళ్ళద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుంది. ఆ మాటలో సందు ఉండాల్సిన చోట్లు రెండు. నల్లగీత రెండిటి మీదుగానూ పోయింది. రెండూ పూడిపోయాయి. చదువూ సంధ్యా లేని ఆ మెషీను రెండిటినీ వ అనే చదివింది. ఆ రోజు ఆమె మాత్రం రెండోదాన్ని ప అనుకుంది, 'వడ్డారు' అనే మాట లేదు గనక. మొదటిదాన్ని వ గానే ఉంచింది, 'వేరు' అనే మాట ఉంది గనక. ఒకే గీత కింద ఒకే మచ్చ. ఒకదానికి ఒక న్యాయం, ఇంకోదానికి ఇంకో న్యాయం.

"దిద్దనా అక్కా?"

"ఉండనీ. రేపు చూద్దాం."

ఇంట్లో మొగుడు ఎప్పటిలాగే వంటింటి గుమ్మంలో కూర్చుని ఎవరివో కళ్ళద్దాల మరలు బిగిస్తున్నాడు. ఆయనది కళ్ళద్దాల కొట్టు. కొట్టు కొడుక్కి అప్పగించినా చేతులు ఊరుకోవు.

"ఏంటి, దేవిగారి మొహం కడిగిన పలకలా ఉంది?"

చెప్పింది. ఇరవై నాలుగేళ్ళలో ఎన్నిసార్లు చెప్పిందో. ఈసారి రెండు వకారాల సంగతి కూడా చెప్పింది. ఆయన మర బిగించడం ఆపాడు.

"అది ఏ నెల?"

చెప్పింది.

"ఆ వారమే కదే అన్నయ్యా నేనూ వేరుపడింది. అద్దాల పెట్టె ఎవరికి, రుద్దే రాయి ఎవరికి అని ఇంట్లో పొద్దస్తమానం అదే గోల. నువ్వు నిద్దట్లో కూడా 'వేరు, వేరు' అని కలవరించేదానివి."

ఆమె చేతిలో గరిట అలాగే ఉండిపోయింది. మనసులో ఉన్న మాటే కంటికి కనిపించిందా? ఇన్నేళ్ళూ కన్నునే నిలదీసింది. మనసును ఒక్కసారీ అడగలేదు.

"అయితే తప్పు నాదే," అంది.

"కావచ్చు, కాకపోవచ్చు. రెండు మచ్చల్ని బట్టి ఉరి తీస్తారా?" అన్నాడాయన. తర్వాత మెల్లగా, "ఆ ఫ్యాక్సొచ్చిన సాయంత్రం నీకు ఫోను చేసింది కూడా నేనే అనుకుంటా. వదిన రుద్దే రాయి పట్టుకుపోతోంది, ఏం చెయ్యమంటావని," అన్నాడు.

అవును. ఫోను మోగింది. ఒక చేత్తో ఫోను ఎత్తి, రెండో చేత్తో కాగితం చింపింది. ఇప్పుడు గుర్తొస్తోంది. మెషీను కూత పెట్టకముందే చింపింది. కాగితం మొత్తం వచ్చిందని తెలిపే ఆ పొడుగు కూత వినకుండానే.

మరి ఆ రోజు కాగితం చివర సంతకం గానీ 'ఇక్కడ వాన' గానీ ఉందా? లేదు. కోపమొచ్చిందేమో అబ్బాయికి అనుకున్నట్టు గుర్తు.

మర్నాడు ఆమె అమ్మాయి కంటే ముందే గదిలో ఉంది. చింపాక మిగిలిన ముక్క ఎక్కడికి పోతుంది? మెషీను కింది తట్టలో పడుతుంది. తట్టలోవి ఎప్పుడు సర్దుతారు? మర్నాడు పొద్దున. అయితే మర్నాటి కట్టలో వెతకాలి. ఆ తేదీ కట్ట విప్పి ఒక్కో కాగితం తిప్పుతూ పోయింది. ధాన్యం ధరలు, ఫుట్‌బాల్ పోటీలు, ఎవరో తప్పిపోయిన ముసలాయన. అన్నిటి అడుగున బెత్తెడు ముక్క. పైన ఏ ఊరి గుర్తూ లేదు. తెల్లగా ఉంది.

"అమ్మాయ్, దీన్ని కొంచెం స్కాన్ చెయ్యి. నలుపు బాగా పెంచు."

ముందు చివరి రెండు మాటలే తేలాయి. 'ఇక్కడ వాన.' తర్వాత వాటి పైన సంతకం. దాని పైన ఒక వాక్యం, వరసలో నిలబడ్డ బడిపిల్లల్లాంటి అక్షరాలతో:

'లైను గరగరమంటోంది, గీత పడితే చివరి మాట చూసుకోండక్కా. పేరుపడ్డారు. ప, పలక ప.'

అమ్మాయి చదివి నవ్వబోయి, ఆమె మొహం చూసి ఆగిపోయింది.

"ఎవరక్కా ఇతను?"

"వంతెన," అంది తలకట్టక్క.

మధ్యాహ్నానికి ఫైలు దిద్దింది. 'వేరువడ్డారు' తీసేసి, ఒక్కో అక్షరం నొక్కి, 'పేరుపడ్డారు' అని కొట్టింది. ప్రతి ఫైలు అడుగునా రెండు గడులుంటాయి, గమనిక అని ఒకటి, దిద్దినవారి పేరు అని ఒకటి. నాలుగు నెలలుగా మొదటిది ఖాళీగా వదిలేసేది, రెండోదాంట్లో 'అక్క' అని కొట్టేది. ఆ రోజు గమనికలో 'అచ్చయిన వార్తలో తప్పు కంపోజ్ చేసినవారిది, విలేకరిది కాదు' అని రాసింది. కింద ఇంటిపేరుతో సహా తన పూర్తిపేరు కొట్టింది.

"ఇది మీ పేరా అక్కా? ఇంత బాగుందేం?" అంది అమ్మాయి.

ఆదివారం బస్సెక్కింది. మూడు గంటల ప్రయాణం. వంతెన మీదికి రాగానే గడియారం కనిపించింది. నడుస్తోంది. నాలుగు నిమిషాలు వెనక. బస్టాండులో పాత విలేకరి పేరు చెప్పి అడిగితే జిరాక్సు కొట్టు చూపించారు. లోపల యాభై దాటిన మనిషి ఎవరివో సర్టిఫికెట్లు అద్దం మీద సర్దుతున్నాడు. జుట్టు పలచబడినా పాపిడి తిన్నగా ఉంది.

"ఎన్ని కాపీలమ్మా?" అన్నాడు తలెత్తకుండానే.

ఆ గొంతు తీగలోంచి కాకుండా, గాలిలోంచి వినడం అదే మొదలు.

"ఇక్కడ ఎండ," అంది ఆమె.

అతని చేతుల్లో కాగితాలు ఆగిపోయాయి. "మీరు... తలకట్టక్కేనా?"

"అవును తమ్ముడూ."

"పొడుగ్గా ఉంటారనుకున్నాను," అన్నాడు. స్టూలు లాగి, దాన్ని చొక్కా అంచుతో తుడిచి, కూర్చోమన్నాడు.

"రాయడం మానేశావా?"

"మానేశానక్కా. నా చేతిమీద నాకు నమ్మకం పోయింది. ఏది రాసినా పదిసార్లు చూసుకునేవాణ్ణి, అది పేనా, వేనా అని. చివరికిది పెట్టుకున్నాను. జిరాక్సులో ఆ భయం లేదు. ఉన్నది ఉన్నట్టే వస్తుంది."

ఆమె సంచిలోంచి అట్టల మధ్య భద్రంగా పెట్టిన ముక్కనూ, నలుపు పెంచి తీసిన ప్రింటునూ తీసి బల్ల మీద పెట్టింది. అతను చదివాడు. ఎవరో అమ్మాయి వచ్చి రెండు కాపీలు కావాలంది. వినిపించుకోలేదు. మళ్ళీ చదివాడు.

"ఇది నా చెయ్యే," అన్నాడు చివరికి. "ఇది రాసినట్టు నాకే గుర్తులేదు అక్కా. మీరు వ కనిపిస్తోందంటే, నేనే వ రాశాననుకున్నాను. వాళ్ళిద్దరి దగ్గరికీ వెళ్ళి తప్పు నాదేనని దణ్ణం పెట్టాను."

"మెషీను కూత పెట్టకముందే చింపేశాను. నీకు ఫోను కూడా చెయ్యలేదు. ఎడిటరుగారి ముందు నీ మీద తోసేశాను."

"ఒక్క ఫోను అక్కా," అన్నాడు. గొంతులో ఇరవై నాలుగేళ్ళూ ఒక్కసారి గరగరమన్నాయి. "రోజూ ఎండా వానా చెప్పడానికి చేసేవారు కదా. ఆ ఒక్కరోజు చేసుంటే..."

ఆమె తల దించుకుంది. క్షమించమని అడుగుదామనుకుని మూడు గంటలు బస్సులో కూడబలుక్కున్న మాటలు ఒక్కటీ రాలేదు. అతనూ బతిమాలించుకోలేదు. ప్రింటును మెషీను అద్దం మీద పెట్టి మూత వేశాడు. వెలుగు ఈ చివర నుంచి ఆ చివరకు పోయింది. రెండు కాపీలు వచ్చాయి. పూర్వం వచ్చినట్టే, వెచ్చగా.

"ఒకటి నాకు. ఇంకోటి గడియారం చిన్నాయనకి. పెద్దాయన పోయి ఆరేళ్ళయింది."

"గోడ?"

"పెద్దాయన పోయిన నెలకే చిన్నాయన తీయించేశాడు. ఇప్పుడు అంత కొట్లో ఒక్కడే కూర్చుంటాడు, సగం బల్ల ఖాళీగా వదిలేసి." కాగితం మడిచి జేబులో పెట్టుకుంటూ, "వాళ్ళు మీ వల్లే వేరుపడ్డారని అనుకోకండి. పేపర్లో చూసి, అవునా అనుకున్నారు. అనుకోడానికి వీలుంది కాబట్టే అనుకున్నారు," అన్నాడు. అది ఓదార్పో, ఉన్నమాటో ఆమెకు తెలియలేదు. అడగలేదు కూడా.

బస్సు దాకా వచ్చాడు. కిటికీ ఊచ పట్టుకుని, "ఇంటికెళ్ళాక ఫోను చెయ్యండక్కా, అందారని," అన్నాడు.

దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరింది. కాళ్ళు కడుక్కోకుండానే ఫోను తీసి, కొట్టు కాగితం మీద అతను రాసిచ్చిన నంబరు నొక్కింది. అంకెలు తల దువ్వుకుని నిలబడ్డట్టున్నాయి. దాని కింద కొట్టు పేరు కూడా తనే చేత్తో రాశాడు, జిరాక్సు తీయకుండా.

"అందాను," అంది. తర్వాత వాకిట్లోకి చూసి, "ఇక్కడ ఇంకా ఉక్కగానే ఉంది," అంది.

అటువైపు రేకుల మీద ఏదో టపటపా పడుతున్న శబ్దం వినిపించింది. అతను ఫోను కొట్టు బయటికి చాచి పట్టుకున్నట్టున్నాడు.

"ఇక్కడ వాన అక్కా," అన్నాడు.